గట్టు మీది పుదీనా

ఫిబ్రవరి 6, గురువారం

ఈ డైరీ జనవరిలో ఎరువుల దుకాణంలో ఊరికే ఇచ్చారు. ఇన్ని రోజులూ ఒక్క అక్షరం రాయలేదు. ఈ రోజు ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది. చెప్పుకునే మనిషి దొరక్క దీనిలో రాస్తున్నాను.

ప్రసన్న బరువు తగ్గింది. ఏడో నెలలో పెరగాల్సింది పోయి కిలోన్నర తగ్గింది. డాక్టరమ్మ చీటీ మీద అంకె చుట్టూ గీత గీసి నా వైపు చూసింది. "ఇంట్ల వండిపెట్టేటోళ్లు ఎవరున్నరు?" అని అడిగింది. ఎవరూ లేరు. మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. అత్తమ్మ పెద్ద కొడప్‌గల్‌లో ఉంది, తొమ్మిదో నెల పడితే తీసుకుపోతానంది. నేను పొద్దున కాలేజీ ఆఫీసుకు పోతే సాయంత్రమే రావడం. ప్రసన్న ఒక్కతే పొయ్యి ముందు నిలబడి, వాసనకు తట్టుకోలేక బయటికి పరుగెత్తి, మళ్లీ వచ్చి వండుతుంది. వండినది తాను తినదు.

ఆమెకు అన్నీ వాసనే. నల్లా నీళ్లకు తుప్పు వాసన. బియ్యానికి గోనెసంచి వాసన. నిన్న పాలు విరిగినట్టున్నాయంది. నేను తాగి చూపించాను. "ఏ వాసనా లేదు. నీ ముక్కుకే వస్తయి గివన్నీ" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

పోయినసారి మూడో నెలలో పోయింది. దాని గురించి ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 8, శనివారం

ఈ రోజు ప్రసన్న నోరు తెరిచి ఒకటి అడిగింది. పైన ఉండే ఇంటి ఓనరు జమునాబాయి పుదీనా అన్నం వండుతుంటే కిటికీలోంచి వచ్చిందట వాసన. "గదొక్కటి మంచిగ వచ్చింది బావ. గది తింట" అంది. ప్రసన్న మా మేనమామ కూతురు. పెళ్లయి ఐదేళ్లయినా బావా అనే పిలుస్తుంది.

మెట్లెక్కి జమునాబాయిని అడిగాను, ఎలా వండాలని. ఆమె ముందు నన్ను ఎగాదిగా చూసింది. నేను టీ తప్ప ఏమీ పెట్టలేనని ఆమెకు తెలుసు. "ఆకు దండిగ ఉండాలె, మసాలా తక్కువ ఉండాలె. మసాలా ఎక్కువేస్తే అది బిర్యానీకీ కాదు, దీనికీ కాదు. నీళ్లు గిలాసకు రెండు గిలాసలకన్న జర తక్కువ పొయ్యి" అని చెప్పింది. మిక్సీ కూడా ఇస్తానంది, మాది కాలిపోయింది కాబట్టి.

బాన్సువాడ కూరగాయల మార్కెట్లో ఆకు సాయంత్రానికి వాడిపోతుంది. కోటగిరి దారిలో మా పొలం గట్టు మీద, బోరు పక్కన అమ్మ పెట్టిన పుదీనా ఇప్పటికీ గుబురుగా ఉంది. రేపు పొద్దున పోయి తెంపుకొస్తాను.

సాయంత్రం మా పొలం చూసే భిక్యా ఫోన్ చేశాడు. పొలం పని ఏదో చెప్పాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం, మధ్యాహ్నం

తిన్నది. పళ్లెం నిండా తిన్నది. మళ్లీ పెట్టించుకుంది.

ఇది రాసి పెట్టుకోవాలి. పొద్దున ఏడింటికి పోయి రెండు పిడికిళ్లు తెంపాను. ఆకు మీద మంచు ఉంది. ఇంటికొచ్చి కాడలు తీసి ఆకు ఒలిచాను, కడిగాను. నాలుగు పచ్చిమిరపకాయలు, అల్లం, ఐదారు ఎల్లిగడ్డ రేకులు వేసి మిక్సీలో పట్టాను. కుక్కర్లో నూనె, కొంచెం షాజీర, ఒక బిర్యానీ ఆకు. ఉల్లిగడ్డ సన్నగా కోయడానికి నాకు పావుగంట పట్టింది. అది ఎర్రబడ్డాక పుదీనా ముద్ద వేసి కలుపుతూ నిలబడ్డాను. పచ్చివాసన పోయి నూనె అంచుల్లోకి తేలేదాకా కలపమంది జమునాబాయి. తేలింది. నానబెట్టిన బియ్యం వేసి ఒకసారి తిప్పి నీళ్లు పోశాను. రెండు విజిళ్లకు దించాను.

మూత తీస్తే అన్నం లేత ఆకుపచ్చగా, మెతుకుకు మెతుకు విడిగా ఉంది. నాకే నమ్మకం కలగలేదు.

మొదటి ముద్ద పెట్టుకొని ప్రసన్న ఆగింది. నా మొహం చూసింది.

"ఏంది?" అన్నాను.

"ఏం లేదు."

"మంచిగలేదా?"

"మంచిగుంది బావ" అని తినడం మొదలుపెట్టింది.

చేసింది గిలాస బియ్యమే. ఒక గిన్నెడు జమునాబాయికి పంపాను, మిక్సీ ఇచ్చినందుకు. మిగిలింది సాయంత్రానికి ప్రసన్నకు ఉండాలని నేను పొద్దుటి అన్నంలో పచ్చిపులుసు పోసుకొని తిన్నాను. రుచికని ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాను, అంతే.

ఆమె పడుకుంది. ఇన్నాళ్లకు కడుపు నిండా తిని పడుకుంది.

ఫిబ్రవరి 10, సోమవారం, పొద్దున. దవాఖాన

ఆకు మూడుసార్లు కడిగాను.

అదే రోజు, పది గంటలకు

నిద్ర లేదు. బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. రాయకపోతే చేతులు ఊరుకోవడం లేదు.

నిన్న మూడింటికి ప్రసన్న లేచింది, కడుపులో తిప్పుతుందని. గర్భిణులకు వాంతులు మామూలే అనుకున్నాను. రెండోసారికి ఒళ్లంతా చెమట పట్టింది. జాకెట్టు పిండితే కారేంత చెమట. నోట్లోంచి నీళ్లు ఊరుతూనే ఉన్నాయి, తుడిచినకొద్దీ వస్తున్నాయి. కళ్ల వెంట నీళ్లు. "బావ, నాకు కనబడుతలేదు సరిగ" అంది. అప్పుడు భయమేసింది. ఆటో పిలిచి దవాఖానకు తెచ్చాను. ఆటోలో ఆమె చేతి కండ చర్మం కింద పురుగు పాకినట్టు అదురుతుంటే పట్టుకొని కూర్చున్నాను.

డాక్టరమ్మ అడిగింది. "ఏం తిన్నది? పొలంలకు పోయిందా? మందులేమన్న తగిలినయా?"

"లేదు మేడమ్. ఇంట్ల అన్నమే తిన్నది."

ఇలాగే చెప్పాను. అప్పటికి నాకేమీ తెలియదు.

తర్వాత వరండాలోకి వచ్చి జమునాబాయికి ఫోన్ చేశాను. ఆ గిన్నెలో అన్నం తినొద్దు, పులిసినట్టుంది, పారెయ్యమని చెప్పాను. రాత్రికి తిందామని మూతపెట్టి ఉంచిందట. తినలేదు. అది విన్నాక గోడకు ఆనుకున్నాను.

ఏమీ తెలియకపోతే ఆ ఫోన్ ఎందుకు చేశాను?

మళ్లీ లోపలికి పోయేసరికి డాక్టరమ్మ ప్రసన్న కళ్లలోకి టార్చి వేసి చూస్తోంది. కంటిపాపలు గుండుసూది మొనంత అయ్యాయి. ఆమె నా వైపు తిరిగి మెల్లగా అంది. "ఇది పురుగు మందు లెక్కనే ఉంది. నేను వైద్యం మొదలుపెడుతున్న. కానీ ఏ మందో తెలిస్తే మంచిది. జర యాది చేసుకోని చెప్పు. ఎవరు తప్పు చేసిన్రని నేను అడుగుతలేను."

అప్పుడు చెప్పాను. పుదీనా పొలం గట్టు మీద తెంపానని.

"మందు ఎప్పుడు కొట్టిన్రు?"

"నాకు తెల్వదు మేడమ్. కూలి మనిషి కొట్టిండు. నాకు చెప్పలేదు."

నేను ఆలస్యం చేసింది అరగంటే. గంట కూడా కాదు.

ఇంజక్షన్లకు ఇప్పుడు కంటిపాపలు పెద్దవయ్యాయి. నోరు ఎండిపోయింది. నన్ను గుర్తుపట్టడం లేదు. తమ్ముడి పేరు పెట్టి పిలుస్తూ గాలిలో ఏదో ఏరుతోంది. మందు పని చేస్తుంటే ఇలాగే ఉంటుందని నర్సమ్మ చెప్పింది.

బిడ్డ గుండె చప్పుడు మిషన్‌తో వినిపించారు. గుర్రం పరుగెత్తినట్టుంది. "ఉన్నది. రెండు మూడు దినాలు చూడాలె" అంది డాక్టరమ్మ. ఉన్నది అన్నందుకు సంతోషించాలో, చూడాలె అన్నందుకు భయపడాలో తెలియలేదు.

ఫిబ్రవరి 10, సాయంత్రం

ప్రసన్న తమ్ముడు సాగర్ వచ్చాడు. అక్కను చూసి బయటికి వచ్చాడు. ఒక్కటే అడిగాడు.

"నువ్వెందుకు తినలే బావ?"

సాయంత్రానికి ఆమెకు ఉంచానని చెప్పాను. నా నోటి నుంచి వస్తుంటే నాకే అబద్ధంలా వినిపించింది. నిజమది.

ఫిబ్రవరి 11, మంగళవారం

ప్రసన్న నన్ను గుర్తుపట్టింది. "నీళ్లు" అంది. చెంచాతో పెదాలు తడపనిచ్చారు.

పదకొండు గంటలకు భిక్యా వచ్చాడు. నిన్న డాక్టరమ్మ మందు డబ్బా తెమ్మంటే సాగర్ ఫోన్ చేసి పిలిచాడు. డబ్బాను సంచిలో చుట్టుకొని తెచ్చాడు. యాభై దాటినవాడు, మా నాన్న ఉన్నప్పటి నుంచీ మా పొలం చేస్తున్నాడు. చెప్పులు వరండా బయట విడిచి వచ్చి, ప్రసన్న మంచాన్ని దూరం నుంచే చూసి వెనక్కి జరిగాడు. డబ్బా నర్సమ్మకు ఇచ్చాడు.

సాగర్ అతన్ని గేటు దాకా తీసుకుపోయాడు. నేనూ వెనక పోయాను.

"మందు కొట్టినోనివి చెప్పాలెనా, వద్దా?" అన్నాడు సాగర్.

"చెప్పిన సారు" అన్నాడు భిక్యా. నా వైపు చూశాడు. "శనారం సాయంత్రమే ఫోన్ చేసిన. వరిల మొగి పురుగుకు మందు కొట్టిన, గాలికి గట్టు మీద గూడ పడ్డది, ఆడ గడ్డి గిట్ల ఏం కోయద్దని చెప్పిన. సారుకు చెప్పిన."

సాగర్ నా వైపు తిరిగాడు. "చెప్పిండా బావ?"

నేను ఏమీ అనలేదు. లేదని కూడా అనలేదు.

సాగర్ అతని చెంప మీద కొట్టాడు. భిక్యా తలపాగా పక్కకు జారింది. దాన్ని సరిచేసుకొని మళ్లీ నన్నే చూశాడు. కోపంగా కాదు. నేను మాట్లాడతానని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. ఎంతసేపు నిలబడ్డాడో. తర్వాత గేటు దాటి పోయాడు.

అదే రోజు

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను బండి మీద ఉన్నాను. పక్కన చెరుకు ట్రాక్టర్ పోతోంది. ఏమీ వినపడలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

బండి మీద ఉన్నది నిజం. బండి ఆపి మాట్లాడాను.

ఆకు రెండుసార్లు కడిగాను.

ఈ రోజు కానిస్టేబుల్ వచ్చాడు. దవాఖాన నుంచి స్టేషన్‌కు చీటీ పోతుందట, మందు కేసు ఏదైనా అంతే. పెద్ద మనిషి, మర్యాదగానే అడిగాడు. భార్యాభర్తలు మంచిగుంటారా అని అడిగాడు. పోయినసారి కడుపు పోయిన సంగతి అడిగాడు. "వండింది నువ్వు. తిన్నది ఆమె ఒక్కతి. నువ్వు తినలే" అని నా మాటలే నాకు వరసగా చదివి వినిపించాడు. మంచం మీద ఉన్న మనిషికి ఏమైనా అయితే ఈ మూడు మాటలు చాలు. నన్ను తీసుకుపోతారు.

సాగర్ అప్పుడే ఫిర్యాదు కాగితం రాయించుకొచ్చాడు. కూలి మనిషి నిర్లక్ష్యంగా మందు కొట్టి, గట్టు మీద పడిన సంగతి దాచి పెట్టాడని రాసి ఉంది. "సంతకం పెట్టు బావ. నీ మీదికి వచ్చేది పోతది" అన్నాడు. వాడు నన్ను నమ్మే అలా అన్నాడు.

పెట్టాను.

మధ్యాహ్నం బట్టల కోసం ఇంటికి వచ్చాను. వంటింట్లో కుక్కర్ అలాగే ఉంది, ఆమెకని ఉంచిన అన్నం అడుగున పచ్చగా ఎండి. ఫోన్ తీసి చూశాను. శనివారం, ఆరు గంటల పది నిమిషాలు, భిక్యా. రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు.

దాన్ని తీసేశాను.

ఫిబ్రవరి 13, గురువారం

ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను. నా కోసమైనా ఒక్క చోట నిజం ఉండాలి.

శనివారం సాయంత్రం బండి పక్కకు ఆపి భిక్యాతో మాట్లాడాను. మందు కొట్టానన్నాడు. సరే అన్నాను. గట్టు మీద పడింది, ఏమీ కోయొద్దు అన్నాడు. సరే సరే అన్నాను. అప్పుడు నా తలలో జమునాబాయి చెప్పిన కొలతలు తిరుగుతున్నాయి. ఒక చెవితో విన్నాను. ఆదివారం పొద్దున గట్టు మీద వంగినప్పుడు ముక్కుకు వాసన తగిలింది కూడా. పొలం అన్నాక ఆ వాసన ఉండదా అనుకున్నాను. ఆకు ఒక్కసారి నీళ్లలో ముంచి తీశాను. ట్యాంకులో నీళ్లు అయిపోయాయి, ఆకు బాగానే కనిపించింది.

పది సార్లు కడిగినా లాభం లేకపోయేదట. ఆ మందు ఆకు లోపలికి దిగుతుందని డాక్టరమ్మ చెప్పింది. మూడు రోజులుగా కడిగిన లెక్క ఎందుకు మార్చి మార్చి రాస్తున్నానో.

ఈ రోజు పొద్దున దవాఖాన గేటు దగ్గర భిక్యా భార్య సోమ్లి నిలబడి ఉంది. చేతిలో చిన్న ఫోన్. నిన్న సాయంత్రం నుంచి భిక్యాను స్టేషన్‌లో కూర్చోబెట్టారని చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

"నా మొగనికి చదువు రాదు గని ఫోన్ చేసుడు వస్తది. గిండ్ల ఉన్నదంటగద, ఎప్పుడు చేసిండో. మా హేమ్లి చూసి చెప్పింది" అంది. హేమ్లి వాళ్ల కూతురు, ఇక్కడే డిగ్రీ చదువుతుంది. "నేను దీన్ని పోలీసోళ్లకు చూపిస్త. దానికి ముందు నిన్ను అడుగుదామని వచ్చిన సారు. నీ పెండ్లప్పుడు నీళ్లు మోసినోళ్లం. నా మొగడు అబద్ధం చెప్పిండా?"

ఆమె నా నుంచి కోరింది రెండక్షరాల మాట. నేను "లోపలికి పోయొస్త, ఆగక్కా" అన్నాను. పారిపోవడానికే అన్నాను. వెనక గేటు నుంచి పోతే ఆటో స్టాండు. ఎక్కడికి పోవాలో తెలియక వార్డులోకే పోయాను.

ప్రసన్న దిండుకు ఆనుకొని కూర్చుంది. మొహం పీక్కుపోయింది, కానీ కళ్లు ఆమె కళ్లే. పొట్ట మీద చెయ్యి పెట్టుకొని ఉంది. స్టూలు మీద కూర్చుని చెప్పేశాను. ఫోన్ సంగతి, గట్టు మీద వచ్చిన వాసన సంగతి, జమునాబాయికి ముందే ఫోన్ చేసిన సంగతి, డాక్టరమ్మతో చెప్పిన అబద్ధం, సంతకం. పక్క మంచం వాళ్లు వింటున్నారేమో చూసుకోలేదు.

అంతా అయ్యాక ఆమె కిటికీ వైపు చూసింది.

"వాసన నాకు గూడ వచ్చింది బావ."

"ఎప్పుడు?"

"మొదటి ముద్దకే. మా నాయిన పొలంల మందు కొట్టి ఇంటికొస్తే అంగీకి వచ్చేది చూడు, గదే."

"మరి ఎందుకు తిన్నవ్?"

"నాకు అన్నీ వాసనే గద" అంది. "అడుగుదామని నీ మొకం దిక్కు చూసిన. అడిగితే నీ ముక్కుకే వస్తదంటవ్. గట్లనే ఉంటదిలే అనుకొని తిన్న. మొదటిసారి వండినవ్. వాసన లేదు, వాసన లేదు అని మనసుల అనుకుంట రెండోసారి గూడ పెట్టించుకున్న."

జారిపోయిన దుప్పటి తీసి ఆమె కాళ్ల మీద కప్పాను.

ఆమే అంది. "పో. ముందు గా మనిషిని ఇంటికి పంపియ్యి."

"సాగర్‌కు తెలిస్తే..."

"వానికి నువ్వే చెప్పు. నేను చెప్ప."

ఫిబ్రవరి 14, శుక్రవారం

నిన్న స్టేషన్‌కు పోయాను. సాగర్‌ను కూడా తీసుకుపోయాను, ఎక్కడికో చెప్పకుండా. సోమ్లి మా వెనక ఆటోలో వచ్చింది.

భిక్యా లోపల బల్ల చివర కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకొని నేల చూస్తున్నాడు. కానిస్టేబుల్‌తో చెప్పాను, ఈ మనిషి నాకు ముందే ఫోన్ చేశాడు, నేనే పట్టించుకోలేదు, ఆ ఆకు నేనే తెంపాను, నేనే వండాను అని. చెప్పేటప్పుడు సాగర్‌ను చూడలేదు. వాడి బూట్లు మాత్రం కనిపించాయి.

"నిన్న సంతకం పెట్టింది నువ్వే గద" అన్నాడు కానిస్టేబుల్.

"నేనే. అబద్ధానికి పెట్టిన."

"మాట మారిస్తే నీ మీదికి వస్తది. ఆమెకు గని లోపలి బిడ్డకు గని ఏమన్న అయితే కేసు వేరే ఉంటది. ఎరికేనా?"

ఎరికే అన్నాను. ఆ తర్వాత రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదని రాద్దామనుకున్నాను. వణికింది. పేరు చివర గీత పక్క గళ్లోకి పోయింది.

భిక్యాను పంపించారు. నా పక్క నుంచే పోయాడు. "భిక్యా" అన్నాను. ఆగలేదు.

బయట సాగర్ బండి స్టాండ్ తీస్తూ, "ముసలోన్ని నాతోని కొట్టిపిచ్చినవ్ బావ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 17, సోమవారం

డిశ్చార్జి చేశారు. ప్రసన్న ఇంటికి రాలేదు. అమ్మ దగ్గరికి పోతానంది. తొమ్మిదో నెలకు ఇంకా టైముంది కదా అన్నాను. "తెలుసు" అంది. కారులో ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకొనే ఎక్కింది. ఎక్కాక వదిలేసింది.

మార్చి 3, సోమవారం

స్కానింగ్‌కు నన్ను రమ్మన్నారు. పోయాను. డాక్టరమ్మ తెర మీద చూపించింది, వెన్నెముక, చెయ్యి, గుండె. ఎదుగుదల ఒక వారం వెనక ఉందంది. "భయపడే అంత కాదు" అంది. ఎంత అయితే భయపడాలో అడగలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు ప్రసన్న ఊరికే అన్నట్టు అడిగింది. "వండుకుంటున్నవా?"

"హోటల్ల తింటున్న."

నిజానికి మొన్న కొత్తిమీర కట్ట ఒకటి కొని, వంటింట్లో పెట్టి, వాసన చూసి చూసి చివరికి పారేశాను. అందులో ఏమీ లేదు. ఉన్నట్టే ఉంది. అప్పుడు అర్థమైంది ప్రసన్న ఇన్ని నెలలు ఎలా తిన్నదో. ఆమెతో చెప్పాను. ఆమె కొంచెం నవ్వింది. ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి.

మార్చి 19, బుధవారం

స్టేషన్ నుంచి పిలుపు. ప్రమాదం కింద రాసి మూసేస్తున్నారట, కాన్పు అయ్యాక ఒకసారి కాగితాలు తెచ్చి చూపించమన్నారు. కాన్పు అయ్యాక.

మార్చి 27

భిక్యా మళ్లీ పనికి రాలేదు, పొలానికి వేరే మనిషి దొరకలేదు. నేనే పోయి గట్టు మీది పుదీనా వేళ్లతో సహా తవ్వి తీశాను. అమ్మ పెట్టిందని ఒక్క నిమిషం ఆగాను.

ఏప్రిల్ 6

కల. చెప్పుకునేది కాదు.

ఏప్రిల్ 11

ప్రసన్న ఫోన్ చేసి పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉంది. "ఉన్నవా?" అంటే "ఉన్న" అంది. "భయమైతుంది బావ" అంది. నాకూ అన్నాను. ఇంతకు ముందైతే భయమెందుకు అనేవాణ్ని.

ఏప్రిల్ 16, బుధవారం

ఆడపిల్ల. పొద్దున తొమ్మిది ఇరవైకి. రెండు కిలోల మూడు వందల గ్రాములు. పుట్టగానే ఏడవలేదు. లోపల ఎంతసేపో మాకు తెలియదు, బయట నేను, సాగర్ గోడకు ఆనుకొని పక్కపక్కనే నిలబడ్డాము. తర్వాత ఏడ్చింది. సాగర్ నా చెయ్యి పట్టుకున్నాడు. రెండు నెలల నుంచి నాతో మాట్లాడనివాడు, పట్టుకొని వదలలేదు.

పిల్లల డాక్టరు తల నుంచి కాళ్ల దాకా చూసి అన్నీ బాగున్నాయన్నాడు. బరువు తక్కువ కాబట్టి రెండు రోజులు వెచ్చని పెట్టెలో ఉంచుతారు.

ప్రసన్న కళ్లు మూసుకొనే అడిగింది. "మంచిగున్నదా? నిజం చెప్పు."

"మంచిగున్నది."

"నిజమేనా?"

"రా, చూపిస్త" అని, నర్సమ్మను బతిమాలి, చక్రాల కుర్చీలో తీసుకుపోయి అద్దంలోంచి చూపించాను. ఆమె వేళ్లు లెక్కపెట్టింది, పైకి వినపడేలా.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఈ రోజు భిక్యా వాళ్ల తండాకు పోయాను. పోవాలని ఫిబ్రవరి నుంచీ అనుకుంటున్నాను. రెండుసార్లు సగం దారి దాకా పోయి బండి తిప్పాను. ఏ మొహంతో పోతాననే భయం ఒకటి, వాళ్లు ఏమంటారోనని ఇంకొకటి. ఈ రోజు కూడా భయం ఉంది. అయినా పోయాను.

సోమ్లి వాకిట్లో మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ప్రసన్నకు బిడ్డ పుట్టింది అక్కా" అన్నాను.

ఆమె చేతిలో కంకి ఆగిపోయింది. నా మొహంలోకి అదే పనిగా చూసింది.

"చేతులు కాళ్లు అన్నీ మంచిగున్నయా?"

"ఉన్నయి."

"కండ్లు?"

"మంచిగున్నయి. డాక్టర్ అంతా చూసిండు."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది."

సోమ్లి ఇంట్లోకి తిరిగి వాళ్ల భాషలో గట్టిగా ఏదో చెప్పింది. రెండుసార్లు చెప్పింది. లోపలి నుంచి భిక్యా వచ్చి గడప మీద నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. నేను చేతులు జోడించాను. "నా తప్పు భిక్యా. నువ్వు చెప్పినవ్. నేను చెప్పలేదన్న. నిన్ను కొడుతుంటే నిలబడి చూసిన" అన్నాను.

ఆయన అది విన్నట్టు లేదు. "ఆడపిల్లనా?" అని అడిగాడు.

"ఆడపిల్ల."

గోడ పట్టుకొని మెల్లగా గడప మీద కూర్చున్నాడు. తలపాగా విప్పి మొహం మీద పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"రెండు నెలల సంది రాత్రి కన్ను మూసి పండుతలేడు" అంది సోమ్లి, కంకి మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "కొట్టినందుకు గాదు, పోలీసోళ్లు కూసపెట్టినందుకు గాదు. మందు కొట్టింది నా చెయ్యి గద, బిడ్డ ఎట్ల పుడతదో అని. మంగ్యాను రెండుసార్లు దవాఖానకు తోలిచ్చిండు, నీకు తెల్వకుండ అడిగి రమ్మని."

మంగ్యా వాళ్ల అల్లుడు.

నా భయం నా ఒక్కడిదే అనుకుంటూ ఇన్ని పేజీలు రాశాను. ఆ వాకిట్లో ఏం చేయాలో తెలియక, సోమ్లి ఎదురుగా కింద కూర్చొని నేనూ ఒక కంకి తీసుకున్నాను. ఆమె వద్దనలేదు. భిక్యా మొహం తుడుచుకొని వచ్చి మా పక్కన కూర్చున్నాడు. పనికి రమ్మని నేను అడగలేదు, వస్తానని ఆయన అనలేదు. ముగ్గురం ఎండ వాకిట్లోకి వచ్చేదాకా గింజలు ఒలిచాము.